నెయ్యి, తేనె కలిస్తే విషమా? ఆయుర్వేదం చెప్పిందేమిటి, మనం మరచిందేమిటి

నెయ్యి, తేనె సమపాళ్లలో కలిస్తే విషమవుతుందన్న మాట వినని తెలుగు ఇల్లు అరుదు. పంచామృతం కలిపేటప్పుడు తేనె చెంచాను కాస్త వెలితిగానో, నేతి చెంచాను కాస్త నిండుగానో వేయడం ఆ జాగ్రత్తతోనే. ఆయుర్వేదం గురించి మరేమీ తెలియనివారికి కూడా ఈ ఒక్క నియమం తెలుసు.

అయితే ఈ రెండు పదార్థాల గురించి అదే శాస్త్రం చెప్పిన మిగతా సంగతులు అంతగా ప్రచారం పొందలేదు. సమపాళ్లకు భయపడే ఇంట్లోనే పొద్దున్నే పొగలు కక్కే నీళ్లలో తేనె కలుపుకొని తాగేవారుంటారు. అదే ఇంట్లో పురిటి బిడ్డ నాలుకకు తేనె రాసే పెద్దలూ ఉంటారు. మొదటిది ఆయుర్వేదం వద్దన్న పని. రెండోది ఆధునిక వైద్యం గట్టిగా వారిస్తున్న పని. సమపాళ్ల మిశ్రమం వల్ల కలిగే హాని ఎంతన్నది నేటికీ చర్చనీయాంశమే. పసిబిడ్డకు తేనె వల్ల కలిగే హాని విషయంలో అలాంటి చర్చకు తావులేదు.

సమపాళ్ల నియమం ఎక్కడిది?

చరక సంహిత సూత్రస్థానంలోని 26వ అధ్యాయం విరుద్ధాహారాన్ని విస్తారంగా చర్చిస్తుంది. విడివిడిగా మేలు చేసే పదార్థాలు కలయిక వల్ల గానీ, కాలం వల్ల గానీ, వండిన తీరు వల్ల గానీ, తిన్న మోతాదు వల్ల గానీ శరీరానికి పొసగకపోవడమే విరుద్ధం. ఇలాంటి విరుద్ధాలను ఆ గ్రంథం 18 రకాలుగా విభజించింది. వాటిలో మోతాదుకు సంబంధించిన దానికి ‘మాత్రా విరుద్ధం’ అని పేరు. దానికి ఇచ్చిన ఉదాహరణే సమాన పరిమాణంలో తేనె, నెయ్యి.

వాగ్భటుడి అష్టాంగహృదయం ఈ నియమాన్ని ఇంకాస్త విస్తరించింది. తేనె, నెయ్యి, కొవ్వు, నూనె, నీరు అనే ఐదింటిలో ఏ రెండింటినైనా, మూడింటినైనా, అన్నింటినైనా సమపాళ్లలో కలపడం విరుద్ధమేనని చెప్పింది. అంటే ఇది నెయ్యి, తేనెల జంటకు మాత్రమే పరిమితమైన నిషేధం కాదు. లోకంలో నిలిచింది మాత్రం ఆ ఒక్క జంటే.

ఇందుకు వైద్యులు చెప్పే వివరణ గుణాల మీద ఆధారపడింది. నెయ్యి స్నిగ్ధం, అంటే జిడ్డు కలది. వాత, పిత్తాలను శమింపజేస్తుంది. తేనె రూక్షం, అంటే శరీరంలోని తడిని, జిడ్డును తగ్గించే స్వభావం కలది. కఫాన్ని హరిస్తుంది. ఒకటి పోషిస్తే మరొకటి గీకి తొలగిస్తుంది. రెండింటిలో ఏదో ఒకటి ఎక్కువగా ఉన్నప్పుడు దాని గుణం ముందుండి నడిపిస్తుందని, సరిసమానమైతే ఏదీ పైచేయి సాధించక జీర్ణక్రియ తడబడుతుందని ఈ వివరణ సారాంశం.

సమానం అంటే దేనిలో సమానం అన్నది కూడా ఆలోచించదగ్గ ప్రశ్న. వైద్యులు సాధారణంగా తూకాన్నే లెక్కలోకి తీసుకుంటారు. తేనె నీటికంటే బరువైనది, నెయ్యి నీటికంటే తేలికైనది. ఐదు మిల్లీలీటర్ల చిన్న చెంచాడు తేనె దాదాపు ఏడు గ్రాములు తూగితే, అదే చెంచాడు నెయ్యి నాలుగున్నర గ్రాములకు మించదు. చెంచాకు చెంచా వేసినంత మాత్రాన అవి సమపాళ్లు కావన్నమాట. పైగా జాగ్రత్త కోసం నేతిని ఒకటిన్నర చెంచాలు వేసి తేనెను ఒక చెంచా వేస్తే, తూకంలో రెండూ దాదాపు సమానమవుతాయి!

విషమా, విషంతో పోలికా?

వాగ్భటుడు విరుద్ధాహారాన్ని విషంతోనూ, నెమ్మదిగా ఒంటికెక్కే గరవిషంతోనూ పోల్చాడు. ఆ పోలికే నోటి నుంచి నోటికి పాకి, చివరకు ‘కలిపితే విషం’ అన్న తీర్పుగా మారింది. గ్రంథాలు వర్ణించిన హాని తిన్న మరుక్షణం ప్రాణం తీసేది కాదు. అలవాటుగా తినేవారిలో చర్మవ్యాధులు, ఉదర రోగాలు, జ్వరాలు వంటివి కాలక్రమంలో తలెత్తుతాయని అవి చెబుతున్నాయి.

అంతకంటే ముఖ్యమైన సంగతి అదే చరక సంహిత అధ్యాయం చివరి భాగంలో ఉంది. కొద్ది మోతాదులో తిన్నవారికి, అలవాటు పడినవారికి, జీర్ణశక్తి బలంగా ఉన్నవారికి, యువకులకు, వ్యాయామంతో దృఢంగా ఉన్నవారికి విరుద్ధాహారం హాని చేయకుండానే పోవచ్చునని అందులో ఉంది. నియమం పెట్టిన చోటనే మినహాయింపు కూడా ఉన్నా, జనం నియమాన్నే గుర్తుంచుకున్నారు.

గుడిలో అరచేతిలో పోసిన చెంచాడు పంచామృతాన్ని చూసి కంగారుపడనక్కర్లేదన్నది దీని తాత్పర్యం. అందులో పాలు, పెరుగు, చక్కెర కూడా ఉంటాయి. పుచ్చుకునేదీ తీర్థమంతే. వరుడికి పెరుగు, తేనె, నెయ్యి కలిపి ఇచ్చే మధుపర్కం సంగతీ అంతే. తెలుగునాట ఆ మాట అర్థమే మారిపోయింది. ‘మధుపర్కాలు’ అంటే ఇప్పుడు వధూవరులు కట్టుకునే తెల్లని నూలు బట్టలే గుర్తుకొస్తాయి గానీ, వాటికి ఆ పేరు తెచ్చిపెట్టిన తేనె, నెయ్యి గుర్తుకురావు.

ఆధునిక ప్రయోగశాలలు కూడా ఈ నియమాన్ని పరీక్షించాయి. వారాణసిలోని కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఎలుకలకు తేనె, నెయ్యి సమపాళ్ల మిశ్రమాన్ని 60 రోజుల పాటు ఇచ్చారు. వాటిలో వెంట్రుకలు రాలడం, చెవుల మీద ఎర్రటి మచ్చలు, కాలేయ పనితీరులో మార్పులు కనిపించాయని నివేదించారు. సంప్రదాయ నియమానికి ఇది కొంత బలమిచ్చే ఫలితమే. కానీ ఎలుకల శరీర బరువుతో పోల్చి చూస్తే అక్కడ వాడిన మోతాదు, ఇంట్లో అన్నంలో వేసుకునే చెంచాడు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగాన్ని పట్టుకొని ‘శాస్త్రం నిరూపించేసింది’ అనడం తొందరపాటు. కలిపి తినాలనుకునేవారు ఒకదాన్ని తూకంలో మరొకదానికి రెట్టింపు ఉండేలా చూసుకుంటే సంప్రదాయాన్ని పాటించినట్లూ అవుతుంది, ఇబ్బందీ ఉండదు.

నేతికి వేడి, తేనెకు చల్లదనం

నిత్య జీవితంలో సమపాళ్ల కంటే ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే నియమం వేడికి సంబంధించినది. నెయ్యి తిన్న తర్వాత వేడినీళ్లు తాగాలని, తేనె తర్వాత చల్లని నీళ్లు తాగాలని ఆయుర్వేదం అనుపాన నియమం పెట్టింది. ఒకటి వేడితో అరుగుతుంది, మరొకటి వేడిని ఓర్వదు. ఈ ఒక్క తేడా తెలిస్తే వంటింట్లో సగం సందేహాలు తీరిపోతాయి.

నెయ్యి పొయ్యి మీద పుట్టిన పదార్థమే. వెన్న కాచగా నీరు ఇగిరిపోయి, పాల మాంసకృత్తులు గోదావరిగా అడుగున దిగి, స్వచ్ఛమైన కొవ్వు మిగులుతుంది. అందుకే అది చాలా నూనెల కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. పోపుకైనా, వేపుడుకైనా పనికొస్తుంది. వేడి అన్నంలో, ముద్దపప్పులో, ఆవకాయ కలిపిన ముద్దలో నెయ్యి వేసుకునే తెలుగువారి అలవాటు ఆయుర్వేద నియమంతో చక్కగా పొసగుతుంది.

తేనె సంగతి వేరు. వేడిచేసిన తేనెను గానీ, వేడి పదార్థాలతో తేనెను గానీ, ఎండకు వడలిన మనిషికి తేనెను గానీ ఇవ్వరాదని ప్రాచీన గ్రంథాలన్నీ ముక్తకంఠంతో చెబుతున్నాయి. తేనెటీగలు రకరకాల పూల నుంచి మకరందాన్ని తెస్తాయి, వాటిలో విషపు మొక్కల పూలూ ఉంటాయి, వేడి తగిలితే ఆ విషగుణం మేల్కొంటుంది అన్నది సుశ్రుతాదులు చెప్పిన కారణం. విషపు పూల తేనె అన్న మాట ఊహ కాదు. నేపాల్ కొండల్లో రోడోడెండ్రాన్ పూల మకరందంతో ఏర్పడే తేనె తాగితే తల తిరగడం, గుండె వేగం మందగించడం వైద్యులు ఎరిగినదే. అయితే ఆ విషానికి వేడితో పని లేదు, చల్లగా తాగినా అది పనిచేస్తుంది.

అతిగా తిన్న తేనె అరగకపోతే వచ్చే అజీర్ణాన్ని చరకుడు అన్నింటికంటే కష్టసాధ్యమైనదిగా చెప్పాడు. ఆ వాదన ముచ్చటైనది. అజీర్ణానికి వేడి చికిత్స చేయాలి, తేనెకేమో వేడి పడదు. వైద్యుడు ఎటు కదిలినా ఇరకాటమే.

ఆధునిక రసాయన శాస్త్రం ఇక్కడ మరో కోణం చూపుతుంది. తేనెను వేడిచేసినప్పుడు, ఎక్కువకాలం నిల్వ ఉంచినప్పుడు అందులోని ఫ్రక్టోజ్ నుంచి హైడ్రాక్సీ మిథైల్ ఫర్‌ఫ్యురాల్ అనే పదార్థం ఏర్పడుతుంది. క్లుప్తంగా దీన్ని హెచ్‌ఎంఎఫ్ అంటారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్, కిలో తేనెలో ఇది 40 మిల్లీగ్రాములకు మించరాదని, ఉష్ణమండల దేశాల తేనెలో 80 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చని పరిమితి విధించింది. మైసూరులోని రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనంలోనూ వేడిచేసిన తేనెలో ఈ పదార్థం పెరిగినట్లు తేలింది. ఇదే హెచ్‌ఎంఎఫ్ కాఫీలోనూ, కాల్చిన రొట్టెలోనూ ఉంటుంది కాబట్టి పేరు విని బెదిరిపోవలసిన పనిలేదు. తేనెను మరిగించినందువల్ల దాని సువాసన, ఎంజైములు పోతాయి, ఒరిగేది ఏమీ ఉండదు అన్నది మాత్రం నిజం.

కాబట్టి నిమ్మరసం, తేనె తాగేవారు నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడు కూడా కాక, పూర్తిగా చల్లారాక తేనె కలపడం మేలు. స్థూలకాయానికి చరకుడు సూచించిన వాటిలో తేనె నీళ్లు ఉన్నమాట నిజమే, వాటిని వేడిగా తాగమని మాత్రం ఆయన చెప్పలేదు. చ్యవనప్రాశ తయారీలోనూ ఇదే పద్ధతి. ఉసిరి గుజ్జును నేతిలో, నూనెలో వేయించి పాకం పట్టిన తర్వాత, లేహ్యం చల్లారాకే తేనె కలుపుతారు. సీసాలో గడ్డకట్టిన తేనెను పొయ్యి మీద పెట్టే అలవాటు కూడా మానుకోవాలి. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు, గ్లూకోజ్ పలుకులుగా విడిపోవడమే. సీసాను కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచితే అదే కరుగుతుంది.

ఏడాదిలోపు బిడ్డకు తేనె వద్దు

తెలుగు ఇళ్లలో బిడ్డ పుట్టగానే బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుకకు రాయడం చాలాకాలంగా వస్తున్న ఆచారం. మాటలు త్వరగా రావాలని వసకొమ్మును అరగదీసి తేనెతో నాకించడమూ ఉంది. గలగలా మాట్లాడేవారిని ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని ఆటపట్టించడం ఆ అలవాటు నుంచి వచ్చిందే. జాతకర్మలో బంగారం, తేనె, నెయ్యి ఉంటాయి. బంగారాన్ని అరగదీసి తేనె, నేతితో బిడ్డకు నాకించే సువర్ణప్రాశన కాశ్యప సంహితలో కనిపిస్తుంది. ఈనాడు పుష్యమీ నక్షత్రం రోజున పిల్లలకు ఆ చుక్కలు వేసే శిబిరాలు చాలా పట్టణాల్లో జరుగుతున్నాయి.

తేనెలో క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండే అవకాశముంది. పెద్దవారి పేగుల్లో ఇవి మొలకెత్తలేవు. అప్పటికే అక్కడ స్థిరపడిన మేలుచేసే సూక్ష్మజీవులు వాటికి చోటివ్వవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో ఆ రక్షణ ఇంకా ఏర్పడి ఉండదు. బీజాలు మొలకెత్తి, నరాలను స్తంభింపజేసే విషాన్ని విడుదల చేస్తాయి. శిశువుల్లో వచ్చే ఈ బొట్యులిజాన్ని 1976లో అమెరికాలో తొలిసారిగా ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. ఇది అరుదైన వ్యాధే. కానీ వచ్చిన బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఎక్కువగా ఆరు నెలలలోపు పసికందులే దీని బారిన పడతారు.

దీని లక్షణాలను ఇంట్లో గుర్తించడం కష్టం. మొదట మలబద్ధకం మాత్రమే కనిపిస్తుంది. పసిపిల్లల్లో అది మామూలేనని పెద్దలు సరిపెట్టుకుంటారు. తర్వాత పాలు సరిగా చప్పరించలేకపోవడం, ఏడుపు నీరసించడం, కనురెప్పలు వాలిపోవడం, మెడ నిలపలేకపోవడం, ఒళ్లంతా మెత్తబడిపోవడం వరుసగా వస్తాయి. చివరకు ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. తేనె నాకించిన కొన్ని రోజుల నుంచి నెల వరకు ఎప్పుడైనా ఈ లక్షణాలు మొదలు కావచ్చు. అలాంటి బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, తేనె ఇచ్చిన సంగతిని దాచకుండా వైద్యులకు చెప్పాలి.

అడవి తేనె అయినా, కంపెనీ తేనె అయినా, ఇంటి పెరట్లో పట్టు నుంచి పిండినదైనా ఈ ప్రమాదంలో తేడా లేదు. స్వచ్ఛతకూ బీజాలకూ సంబంధం లేదు. తేనెను మరిగించి చల్లార్చి ఇస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఈ బీజాలు మరిగే నీటి వేడికి కూడా చావవు. పాలపీకకు తేనె రాయడం, దగ్గుకు తులసి రసంలో తేనె కలిపి ఇవ్వడం కూడా ఏడాది నిండే వరకు కూడదు. తొలి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ, చివరకు మంచినీళ్లు కూడా, ఇవ్వవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆచారాన్ని వదులుకోలేని కుటుంబం ఆ ఉంగరాన్ని తల్లిపాలతో తడిపి నుదుట తాకిస్తే వేడుకకు లోటు రాదు.

రోజుకు ఎంత?

మితం విషయంలో ప్రాచీనులకు, ఆధునికులకు పెద్దగా తేడా లేదు. తేనె గురువైనది, రూక్షమైనది కాబట్టి కొద్దిగానే తీసుకోవాలని చరకుడు చెప్పాడు. కొత్తగా జ్వరం వచ్చినప్పుడు, అజీర్ణంలో, కఫం పెచ్చుగా ఉన్నప్పుడు నెయ్యి తగదని వైద్య సంప్రదాయం హెచ్చరించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు సైతం కొవ్వు, చక్కెరల విషయంలో మితాన్నే కోరాయి.

నేతిలో 60 శాతం పైగా సంతృప్త కొవ్వే. ఆహారం ద్వారా అందే శక్తిలో సంతృప్త కొవ్వు వాటా పది శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 2,000 కిలో కేలరీలు తీసుకునేవారికి అది సుమారు 22 గ్రాములు. ఒక పెద్ద చెంచాడు నేతిలోనే ఎనిమిది గ్రాముల పైచిలుకు ఉంటుంది. పాలు, పెరుగు, మాంసం, వంటనూనెల్లో ఉండేది దీనికి అదనం. ఆరోగ్యవంతులకు పూటకొక చిన్న చెంచాడు నెయ్యి అభ్యంతరకరం కాదు. గుండె జబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు తమ వైద్యుణ్ని అడిగి మోతాదు నిర్ణయించుకోవాలి. ‘దేశీ ఆవు నెయ్యి గుండెకు మంచిదే’ అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

తేనె విషయంలో మధుమేహులు మోసపోయే అవకాశం ఎక్కువ. ప్రమేహానికి ఇచ్చే ఔషధాల్లో ఆయుర్వేదం తేనెను అనుపానంగా వాడుతుంది. దాన్ని పట్టుకొని చక్కెర మానేసి తేనె వాడుకోవచ్చన్న భావన స్థిరపడింది. మందు దిగడానికి వాడే అర చెంచాడు వేరు, కాఫీ, టీలలో రోజంతా పోసుకునేది వేరు. తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, మిగిలినదంతా చాలావరకు నీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తేనెను కూడా చక్కెర లెక్కలోనే కలిపి, రోజుకు 50 గ్రాములు దాటవద్దని, 25 గ్రాములలోపు ఉంటే మరీ మంచిదని సూచిస్తోంది. రెండు పెద్ద చెంచాల తేనెతోనే ఆ 25 గ్రాముల గీత దాటిపోతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్లు 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసిన నేపథ్యంలో ఇది చిన్న విషయం కాదు.

అసలు కొన్నది తేనేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020లో 13 బ్రాండ్లకు చెందిన 22 నమూనాలను పరీక్షించగా, అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి ఐదే. కంపెనీలు ఆ ఫలితాలను తోసిపుచ్చాయి. చక్కెర పాకాల కల్తీని నీటిలో చుక్క వేయడం, అగ్గిపుల్ల వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు పట్టివ్వలేవు. గిరిజన సహకార సంస్థ వంటి సేకరణ మూలం తెలిసిన చోట కొనడం కొంత నయం. నెయ్యి కొనేటప్పుడు అగ్‌మార్క్ ముద్ర చూసుకోవాలి.

ఆయుర్వేద వైద్యులు చూర్ణాన్ని ‘తేనె, నెయ్యితో’ తీసుకోమని రాసిచ్చినప్పుడు ఏది ఎంత అన్నది అడిగి తెలుసుకోవడం అవసరం. కఫ ప్రధానమైన వ్యాధుల్లో తేనె పాలు ఎక్కువగా, వాత, పిత్త వ్యాధుల్లో నెయ్యి పాలు ఎక్కువగా చెబుతారు. మధుమేహానికి, రక్తపోటుకు, కొలెస్ట్రాల్‌కు ఇతర మందులు వాడుతుంటే ఆ చీటీని కూడా వైద్యుడి ముందు పెట్టాలి. చూర్ణాన్ని చెంచాలో ముందు నేతితో కలిపి, ఆపైన తేనె వేసి రంగరించి, వెంటనే పుచ్చుకోవాలి. కలిపి ఉంచి మరుసటి పూటకు దాచుకోకూడదు.